బరువు లాగే గుర్రాల వంశావళి



మీలో చాలామందికి బావి మీదనో బోరు మీదనో ఐదు హార్స్ పవర్ మోటారు ఉన్నది. ఆ హార్స్ పవర్‌లో ఉన్న గుర్రం ఏ గుర్రమని ఎప్పుడైనా ఆలోచించినారా? జట్కాకు కట్టే గుర్రం కాదు. పెళ్ళికొడుకును ఎక్కించి ఊరేగించే గుర్రం అసలే కాదు. స్కాట్లండు దేశస్థుడు జేమ్స్ వాట్ 18వ శతాబ్దం చివరలో తన ఆవిరియంత్రాన్ని అమ్ముకోవాలి. అది ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితేగాని కొనేవాడికి అర్థం కాదు. అందుకని, మన గానుగెద్దులాగ మర చుట్టూ తిరిగే బలమైన గుర్రం పనిని లెక్క కట్టినాడు. నిమిషానికి 33,000 పౌన్ల బరువును ఒక అడుగు ఎత్తు లేపే పని అది. రోజంతా కష్టపడే మామూలు గుర్రం అంత పని చేయలేదు. వాట్ లెక్క కొంచెం ఎక్కువగానే వేసినాడు. కొన్నవాడు మోసపోయినానని అనకూడదు గదా!

అటువంటి బరువు లాగే గుర్రాలను గురించి, ముఖ్యంగా క్లైడ్స్‌డేల్ అనే జాతిని గురించి, ఈ దినం మీతో ముచ్చటిస్తాను. మన పొలాల్లో గుర్రం నాగలి కట్టలేదు, నిజమే. కాని ఆ గుర్రాల పెంపకంలో జరిగిన మంచీ చెడూ మన ఎడ్లకూ ఆవులకూ అచ్చంగా వర్తిస్తవి. ఎందుకు వర్తిస్తవో మా ఇంటి కథ ఒకటి చెప్పినప్పుడు మీకే తెలుస్తుంది.

స్కాట్లండులో క్లైడ్ అనే నది ఉన్నది. దాని ఎగువ లోయలోని రైతులు 18వ శతాబ్దంలో తమ చిన్న గుర్రాలకు బలం చాలడంలేదని గమనించినారు. 1715-1720 మధ్య లోక్లియోక్ అనే పొలానికి చెందిన జాన్ పాటర్సన్, ఫ్లాండర్స్ దేశపు నల్ల మగగుర్రాన్ని ఒకదాన్ని ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నాడని ఆ ప్రాంతపు చరిత్ర. ఆ సంతతిదేనని చెప్పుకొనే ఆడగుర్రం ఒకటి 1808లో ఒక వేలంలో లాంపిట్స్ అనే పొలానికి చేరింది. దానికి 1810 ప్రాంతంలో పుట్టిన నల్ల పిల్లే గ్లాన్సర్. తర్వాతి క్లైడ్స్‌డేల్ వంశావళి చాలావరకు ఈ గ్లాన్సర్ దగ్గరికే పోతుంది.

ఒక చమత్కారం వినండి. ఆ గ్లాన్సర్ వంశంలోనే తర్వాత పేరు మోసిన మగగుర్రం ఒకటి ఉండేది. దాన్ని క్లైడ్ అనేవారు, గ్లాన్సర్ అని కూడా అనేవారు. వరిబీజం దిగిన గుర్రమని ఊరివారు దానికి పెట్టుకున్న గుర్తు. అటువంటి లోపమున్న గుర్రాన్ని ఈ రోజు ఏ పశువైద్యుడూ విత్తనానికి పనికివస్తుందని రాసి ఇవ్వడు. ఆనాటి రైతులు మాత్రం దాని కాళ్ళనూ, దాని పిల్లలనూ చూసి తమ ఆడగుర్రాలను తోలుకొని వచ్చినారు.

ఇవన్నీ జరిగేనాటికి పుస్తకం లేదు, రిజిస్టరు లేదు. ఎవరి గుర్రం ఎవరికి పుట్టిందో రైతుల నోటనే ఉండేది. ఊరిలో పది రాముళ్ళు ఉన్నట్టు దేశమంతా క్లైడ్‌లూ గ్లాన్సర్‌లూ ఉండేవి. ‘ఇది క్లైడ్ కొడుకు’ అంటే ఏ క్లైడ్? 1877లో క్లైడ్స్‌డేల్ గుర్రపు సంఘం పెట్టి, ఆ మరుసటి ఏడు వంశావళి పుస్తకం అచ్చువేసి, ప్రతి మగగుర్రానికీ ఒక నంబరు ఇచ్చినారు. పాతవాటికి కూడా వెనకటి తేదీ లెక్కన నంబర్లు పడినవి. గ్లాన్సర్‌కు 335, దాని మనవడి తరంలోని క్లైడ్‌కు 153. ఇంగ్లండులో షైర్ జాతివారు 1878లో, సఫోక్ జాతివారు 1877లో ఇటువంటి సంఘాలే పెట్టుకున్నారు. సఫోక్ గుర్రాలైతే ఈనాడు ఉన్నవన్నీ మగవైపున 1768లో పుట్టిన ఒకే ఒక్క గుర్రం దగ్గరికి పోతవి.

పుస్తకం కంటే ముందే స్కాట్లండు రైతులు మరొక పని చేసినారు. నన్నడిగితే ఆ జాతిని నిలబెట్టింది అదే అంటాను. ఒక్కొక్క ప్రాంతపు రైతులు కలిసి సంఘంగా ఏర్పడి, మంచి మగగుర్రాన్ని ఒక కారుకు అద్దెకు మాట్లాడుకొనేవారు. 1837 నాటి కౌలు పత్రమే ఒకటి ఉన్నది. ఇరవై ఎకరాల రైతుకు సొంతంగా మేలిరకం మగగుర్రం కొనే తాహతు లేదు. కాని సంఘంలో వాటా వేసుకుంటే దేశంలోకెల్లా మంచి గుర్రమే అతని గడపకు వస్తుంది. గుర్రపువాడు దాన్ని పట్టుకొని వారం పొడుగునా ఊరూరూ నడిపించేవాడు. సోమవారం ఈ సత్రం, మంగళవారం ఆ సంత అని ముందే నోటీసు వేసేవారు. ఎదకు వచ్చిన ఆడగుర్రాన్ని తోలుకొని వచ్చి దాటించి, రుసుము ఇచ్చి, గుర్రపువాడి చేతిలో చిల్లర పెట్టేవారు.

ఇక వలసల సంగతికి వద్దాము. 1788లో బ్రిటిషువారి మొదటి ఓడలు ఆస్ట్రేలియా చేరినప్పుడు, దారిలో ఆఫ్రికా కొననుంచి ఎక్కించుకున్న కొద్దిపాటి గుర్రాలు తప్ప ఆ ఖండంలో గుర్రమే లేదు. మొదట్లో బరువు పనంతా ఎడ్లదే. ఉన్నిమూటల బండ్లకు పది, పన్నెండు ఎడ్లు పూన్చేవారు. అటువంటిచోట గుర్రం ఎట్లా గెలిచింది? యంత్రం వల్ల గెలిచింది. 1843లో దక్షిణ ఆస్ట్రేలియాలో కంకులను దువ్వి తీసే స్ట్రిప్పరు వచ్చింది. 1880లలో కోత, నూర్పిడి, తూర్పార ఒకేసారి చేసే హార్వెస్టరు వచ్చింది. వీటికి ఇంజను లేదు. నేలమీద తిరిగే చక్రమే లోపలి పళ్ళను తిప్పాలి. చక్రం చురుకుగా తిరగాలంటే లాగే పశువు చురుకుగా నడవాలి. ఎద్దుకు బలం ఉన్నది గాని ఆ నడక లేదు. అందుకే గోధుమ పొలాల్లో ఆరేసి, ఎనిమిదేసి గుర్రాల జట్లు వెలసినవి. ఆ గుర్రాల మేతకే ఓట్లు పైరు ప్రత్యేకంగా వేయవలసి వచ్చేది. డీజిలు బంకు పొలంలోనే పండించుకున్నట్టన్నమాట.

అక్కడ వ్యవసాయానికి దిగిన స్కాట్లండు వారు, 1848 నుంచి న్యూజీలండులోని ఒటాగోలో స్థిరపడినవారు కూడా, తమ ఊరి గుర్రాన్నే తెప్పించుకున్నారు. తెరచాప ఓడలో మూడు నెలల ప్రయాణం. గుర్రం పడుకోవడానికి చోటుండదు. పొట్టకింద గుడ్డ పట్టీ కట్టి, ఓడ ఊగినప్పుడు పడిపోకుండా నిలబెట్టేవారు. అంత కష్టానికి ఓర్చి దిగిన గుర్రానికి ధర ఎంత పలుకుతుందో వేరే చెప్పాలా? ఆడగుర్రాలను అంత విరివిగా తేలేరు. ఉన్న నాటు గుర్రాలకే తెచ్చిన మగగుర్రాన్ని కట్టినారు. మొదటి తరానికి సగం, రెండో తరానికి ముప్పాతిక, మూడో తరానికి ఎనిమిదింట ఏడు, నాలుగో తరానికి పదహారింట పదిహేను పాళ్ళు కొత్త రక్తం. నాటు ఆవులకు ఎదపోయించి జాతి మెరుగుపరిచే లెక్క కూడా ఇదే.

స్కాట్లండు అలవాటే అక్కడా సాగింది. వసంతం రాగానే, అంటే మనకు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో, మగగుర్రాలు ఊళ్ళమీద బయలుదేరేవి. కరపత్రాల్లో పేరు, తండ్రి పేరు, తల్లి తండ్రి పేరు, గెలిచిన బహుమతులు అన్నీ ఉండేవి. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ‘దిగుమతి గుర్రం’ అని ఉండేది. ఆ రెండు మాటలు చూస్తే రైతు ఇంకేమీ చూసేవాడు కాడు.

వచ్చిన చిక్కు అక్కడే. గుర్రం గిట్టకు రెండు పక్కలా, పైఅంచున, బొటనవేలితో నొక్కితే రబ్బరులాగ వంగే మెత్తని ఎముక ఉంటుంది. అడుగు పడినప్పుడు అదురును తట్టుకోవడానికి దేవుడిచ్చిన ఏర్పాటు అది. కొన్ని బరువు గుర్రాల్లో అది గట్టిపడి మామూలు ఎముక అయిపోతుంది. దీన్ని సైడ్ బోన్ అంటారు. రాళ్ళ బాటమీద పనిచేసే గుర్రం దీనితో కుంటుతుంది. ఈ గుణం తండ్రినుంచి పిల్లలకు దిగుతుందని అనుభవంమీద తేలింది. అంటే ఒక్క కారులో నూరు ఆడగుర్రాలను దాటిన మగగుర్రం ఆ లోపాన్ని నూరు కొట్టాలకు పంచిపెట్టగలదు. కరపత్రంలో తాతముత్తాతల పేర్లుంటవి గాని గిట్ట సంగతి ఉండదు.

వలసలన్నీ కలిసి 1901లో ఒకే దేశమైన తర్వాత, 1907లో విక్టోరియా రాష్ట్రపు వ్యవసాయశాఖ మగగుర్రాలను పశువైద్యులచేత పరీక్ష చేయించి, లోపం లేనివాటికి యోగ్యతాపత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద వంశాల గుర్రాలు కూడా తిరిగిపోయినవి. బరువు గుర్రాల్లో తిరిగిపోయినవాటికి ముఖ్య కారణం సైడ్ బోనే. బ్రిటనులో 1918లో చట్టమే వచ్చింది. లైసెన్సు లేని మగగుర్రాన్ని ఊళ్ళమీద తిప్పి దాటించరాదని శాసించినారు.

ఇక్కడ మా ఇంటి కథ చెప్పాలి. నాకు డిప్లొమా చేతికి వచ్చిన కొత్తలో మా నాన్నగారు ఒంగోలు కోడెను ఒకదాన్ని విత్తనానికి కొనబోయినారు. మా వైపు బండలాగుడు పందేలంటే జనం ప్రాణం పెడతారు. అమ్మేవాడు కాగితం చూపించినాడు. తండ్రి ఫలానా, తాత ఫలానా, ఫలానా చోట్ల మొదటి బహుమతి. నాన్నగారు ఆ కాగితం నా చేతికిచ్చి, “నువ్వు చదువుకున్నవాడివి, చూసి చెప్పరా” అన్నారు. చదివినాను. చాలా బాగున్నది, తీసుకోమన్నాను. నాకు తాత వరసయ్యే ముసలి రైతు ఒకాయన అక్కడే నిలబడి కోడెను నాలుగడుగులు నడిపించి చూసినాడు. “ఒరే మనవడా, వెనక కాళ్ళు రాసుకుంటున్నయ్యి. బండ లాగేది ఎద్దా, కాగితమా?” అన్నాడు. నేను నవ్వేసినాను.

రెండేళ్ళు మా ఊరి ఆవులే కాదు, పక్క ఊరివి కూడా ఆ కోడెకు కట్టినారు. దూడలు తెల్లగా, చూడముచ్చటగా పుట్టినవి. రెండు పళ్ళు వేసి కాడి మెడకెక్కినప్పుడు బయటపడింది. వెనక కాళ్ళ కీళ్ళు ఒకదానికొకటి తగులుతవి, బరువు పడితే గిట్ట విచ్చుకొంటుంది. రెండు పళ్ళ విభాగంలో దింపుదామని ఆశపడి అప్పుచేసి మేపిన మా చిన్నాన్న ఆ జతను సగం ధరకు వదిలించుకున్నాడు. మా నాన్నగారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. అది మరీ కష్టం. ఆ కాగితంలో అబద్ధం లేదు, తర్వాత విచారించి తెలుసుకున్నాను. తండ్రి ఆ తండ్రే, బహుమతులు ఆ బహుమతులే. నేను చదవవలసింది కాగితం ఒక్కటే కాదు, అంతే.

మళ్ళీ క్లైడ్ లోయకు పోదాము, ఎందుకంటే ఈ తగాదా అక్కడ ఎప్పుడో జరిగింది. 1866లో పుట్టిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, నంబరు 673, 1872లో పుట్టిన డార్న్‌లే, నంబరు 222, ఈ రెండు గుర్రాలు ఆ జాతికి మూలస్తంభాలు. ఒకదాని కూతుళ్ళకు రెండోదాన్ని కడితే మేలైన పిల్లలు పుట్టినవి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్‌ను సొంతం చేసుకున్న లారెన్స్ డ్రూ అనే పెద్ద రైతు ఇంగ్లండు పోయి, కంటికి నచ్చిన షైర్ ఆడగుర్రాలను కొనుక్కొచ్చి దానికి కట్టేవాడు. షైర్, క్లైడ్స్‌డేల్ వేరువేరు జాతులు కావు, ఒకే గుర్రమని ఆయన వాదం. సంఘం వారు ఒప్పుకోలేదు. ఇంగ్లీషు ఆడగుర్రాల పిల్లలకు తమ పుస్తకంలో చోటేమిటన్నారు. ఆయన కోపగించి డేవిడ్ రిడెల్ అనే మరొక పెంపకందారుతో కలిసి 1883లో పోటీ సంఘం పెట్టినాడు. మరుసటి ఏడే చనిపోయినాడు. పోటీ సంఘం నిలవలేదు గాని, ఆయన తెచ్చిన రక్తం నిలిచింది. నాకు ఇద్దరి పక్షానా న్యాయం కనబడుతుంది. పుస్తకం లేకపోతే ఎవరి మాట నమ్మాలి? తలుపు మరీ బిగిస్తే రక్తం ఎక్కడనుంచి రావాలి? చివరకు ఏ వంశవృక్షం తిరగేసినా ఈ రెండు గుర్రాల పేర్లే అటూ ఇటూ కనబడే స్థితి వచ్చింది.

ఇంకొక సంగతి గమనించండి. ఆడగుర్రం పదకొండు నెలలు మోస్తుంది. పిల్ల మూడేళ్ళకు గాని పనికి రాదు. కనుక మగగుర్రం విలువ తేలడానికి తక్కువలో తక్కువ నాలుగేళ్ళు పడుతుంది. ఈలోగా అది ఎన్నో కార్లు తిరిగేసి ఉంటుంది. తెలివైనవారు మగగుర్రం కంటే ముందు దాని పెద్ద పిల్లలు ఎక్కడున్నవో విచారించి, పోయి చూసి, ఆ తర్వాత మాట్లాడుకొనేవారు. పిల్లలు బాగున్న గుర్రానికి ధర ఆకాశం అంటేది. బారన్ ఆఫ్ బుక్లైవీ అనే గుర్రం, ఇద్దరు వాటాదారుల తగాదా కోర్టుకెక్కడం వల్ల, 1911లో ఎయిర్ పట్టణంలో వేలానికి వచ్చింది. 9,500 పౌన్లకు కొట్టేసినారు. ఆనాడు పౌనుకు 15 రూపాయలు. అంటే 1,42,500 రూపాయలు. మూడేళ్ళకు, 1914లో, ఒక ఆడగుర్రం తన్నితే కాలు విరిగి చచ్చిపోయింది. దాని అస్థిపంజరం గ్లాస్గో మ్యూజియంలో నిలబెట్టి ఉన్నది. కాలే చూడండి, అంత ధరకూ ఆధారం, అంత్యానికీ కారణం.

ఆ 1911లోనే స్కాట్లండు నుంచి 1,617 మగగుర్రాలు విదేశాలకు ఎగుమతి అయినవి. మంచివన్నీ ఓడలెక్కిపోతున్నవని ఇంటి రైతులు గోల పెట్టేవారు. తర్వాత ట్రాక్టరు వచ్చింది. 1975 నాటికి బ్రిటనులో అరుదైన జాతులను కాపాడే సంస్థ క్లైడ్స్‌డేల్‌ను ప్రమాదంలో పడిన జాతుల జాబితాలో చేర్చింది.

ఈ గుర్రాలు మన దేశానికి రాలేదా అని మీరడగవచ్చు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ గుర్రాలు వచ్చినవి. 1834 ప్రాంతంలో గీసిన బొమ్మ ఒకటి ఉన్నది. మద్రాసుకు అప్పుడు రేవు లేదు. ఓడ దూరాన ఆగుతుంది. కట్టుమరాలూ మసూలా పడవలూ అలల్లో ఉండగా ఆస్ట్రేలియా గుర్రాలు ఒడ్డుకు చేరుతున్న దృశ్యమది. వాటిని వేలర్లు అనేవారు. అవి సైన్యానికి, ఫిరంగి బండ్లకు వచ్చినవేగాని నాగలికి రాలేదు. ఎనిమిది వందల కిలోల గుర్రానికి గింజల దాణా కావాలి, నాలుగు లాడాలు కావాలి, మన వేసవిలో నీడ కావాలి. గడ్డి నమిలి రోహిణి కార్తెలో కూడా నిలబడే ఎద్దుతో అది ఎక్కడ పోటీపడగలదు? క్లైడ్స్‌డేల్ గిట్టలచుట్టూ ఒత్తుగా వేలాడే వెంట్రుకలుంటవి. మన నల్లరేగడిలో వానాకాలం ఆ వెంట్రుకల్లో బురద గడ్డకట్టి, చర్మం చెమ్మగిల్లి పుండ్లు పడితే వాటిని మాన్పడానికే ఒక మనిషి ఉండాలి.

మనవైపునుంచి వారికి పోయిన రక్తం మాత్రం ఉన్నది. మన ఒంగోలు పశువులే బ్రెజిల్ పోయి, నెల్లూరు పేరుమీద నెలోర్ అయినవి. 1960ల మొదట్లో మన కరవది గ్రామం పేరు పెట్టుకొని పోయిన ఆబోతు కొడుకుల, మనవల పేర్లు అక్కడి వంశావళి పుస్తకాల్లో తరతరాలకూ వరసగా రాసి ఉన్నవి. అక్కడి రైతు తన ఆవు ఏడు తరాల వెనక ఎవరో చూపగలడు. మన ఊళ్ళో, కరవదికి కూతవేటు దూరంలో కూడా, చాలామంది ఇంటి ఆవుకు తండ్రి ఎవరో చెప్పలేరు.

ఈ మధ్య మా మండలంలో ఒక చెల్లెమ్మ తన ఆవుకు ఎదసూది వేయించేటప్పుడు నేను అక్కడున్నాను. మీకు తెలుసు, వీర్యం నింపిన సన్నని గొట్టంమీద ఆబోతు నంబరు, జాతి, తేదీ అచ్చువేసి ఉంటవి. పని అయిన తర్వాత ఎవరూ దాన్ని చూడరు, పారేస్తారు. ఆమె దాన్ని అడిగి తీసుకొని, కడిగి, పిల్లల నోటుపుస్తకంలో నంబరు ఎక్కించుకున్నది. పక్కనే ఇంకొక గీత గీసి, “అన్నా, ఇక్కడేం రాయాలి?” అన్నది. తల్లి ఆవు ఈతలు, పాలు, కాళ్ళ తీరు రాయమన్నాను. దూడ పుట్టి రెండు పళ్ళు వేసినప్పుడు దాని నడక ఎట్లా ఉన్నదో రాయడానికి కింద నాలుగు గీతలు ఖాళీగా వదలమన్నాను. ఆమె ఆరు వదిలింది.